ఆడిస్తున్నారా, చదివిస్తున్నారా? ప్లే స్కూల్ గొడవలోని చిక్కుముళ్ళు

"ఇవాళ బళ్ళో ఏం చెప్పారే?" అని వీడియో కాల్‌లో అమ్మమ్మ అడిగింది. "ఇసకలో ఆడుకున్నాం" అంది నాలుగేళ్ళ మనవరాలు. "మరి నిన్న?" "నిన్న నీళ్ళలో ఆడుకున్నాం." ఒంగోలులో ఉన్న అమ్మమ్మ ఫోన్ కూతురికి ఇమ్మంది. "ఇసకలో ఆడించడానికి లక్ష కట్టారా? మనింటి ముందు ట్రాక్టర్ ఇసక ఊరికే పడుంది గదే!"

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే తెలుగు ఇళ్ళల్లో ఈ మాటలు ఏదో ఒక రూపంలో ఏటా జూన్‌లో వినపడతాయి. పక్క ఫ్లాట్‌లో గొడవ ఇంకో రకం. అక్కడి బాబుకీ నాలుగేళ్ళే. రోజూ రెండు వర్క్‌షీట్ల హోంవర్క్. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ అయిపోయి క్యాపిటల్ లెటర్స్‌కి వచ్చారు. "వీడు పెన్సిల్ చూస్తేనే ఏడుస్తున్నాడండీ" అని వాళ్ళమ్మ టెన్షన్. ఒకావిడకి తన పిల్ల వెనకబడిపోతుందేమోనని, ఇంకొకావిడకి తన పిల్లాడు నలిగిపోతున్నాడేమోనని భయం.

ఈ రెండిళ్ళ మధ్యకి 2020 జాతీయ విద్యా విధానం వచ్చి కూర్చుంది. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అనీ, దాని పేరు పునాది దశ అనీ చెప్పింది. ఇందులో మొదటి మూడేళ్ళు అంగన్‌వాడీ లేదా ప్రీ స్కూల్, తర్వాతి రెండేళ్ళు ఒకటి, రెండు తరగతులు. ఈ ఐదేళ్ళూ చదువు ముఖ్యంగా ఆటలతో, చేతులతో చేసే పనులతో సాగాలంది. 2022 అక్టోబరులో ఈ దశకి పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టె కూడా వచ్చింది. అందులో బొమ్మలు, పజిళ్ళు, కథల పుస్తకాలు, ఫ్లాష్ కార్డులు ఉన్నాయి. వర్క్‌షీట్లు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి.

అంటే ఆటా, చదువా అన్న ప్రశ్నకి కాగితం మీద జవాబు వచ్చేసినట్టే. ఏది ఆట అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. గొడవంతా నిజానికి దాని దగ్గరే.

ఒకే మాటకి మూడు అర్థాలు

గుజ్జనగూళ్ళు గుర్తు చేసుకోండి. లక్కపిడతల్లో మట్టి అన్నం, ఆకుల కూర. ఎవరు అమ్మ, ఎవరు చుట్టం, ఎవరు అలిగి వెళ్ళిపోవాలి, అన్నీ పిల్లలే తేల్చుకుంటారు. పెద్దవాళ్ళ వంతు ఒక ముద్ద తిన్నట్టు నటించి "పప్పు భలే ఉందే" అనడం వరకే. ఇది స్వేచ్ఛగా ఆడే ఆట. దీనికి గమ్యం లేదు, నియమాలు పిల్లలవే.

అదే ఆటలోకి టీచరు చుట్టంలా వచ్చి కూర్చుందనుకోండి. "మేం నలుగురం వచ్చాం, నీ దగ్గర మూడే కంచాలున్నాయే!" అంటుంది. ఇంకో కంచం కావాలని పిల్ల కనిపెట్టాలి. వెతికి తెస్తుందో, ఇద్దరికి ఒకే కంచం పెడుతుందో, ఒక చుట్టాన్ని ఇంటికి పంపించేస్తుందో టీచరు చెప్పదు. గమ్యం పెద్దల మనసులో ఉంది, ఆట మాత్రం ఇంకా పిల్లల చేతిలోనే ఉంది. దీన్ని దారి చూపే ఆట అనుకుందాం. విద్యావేత్తలు ‘ఆటల ద్వారా చదువు’ అన్నప్పుడు ఎక్కువగా చెప్పేది దీని గురించే.

మూడోది, ఆట వేషం వేసుకున్న పాఠం. ట్యాబ్‌లో ఏనుగు గెంతుతుంది, అక్షరం మీద సరిగ్గా నొక్కితే చప్పట్లు, తప్పు నొక్కితే టుయ్‌మని చప్పుడు. లేదా ముప్పై మంది వరసగా నిలబడి టీచరు చేసిన అభినయమే చేస్తూ రైమ్ పాడతారు. ఇది తప్పేమీ కాదు, కొన్నిటికి బాగానే పనికొస్తుంది. కానీ ఇక్కడ పిల్లలు నిర్ణయించేది ఏమీ లేదు. ఇది రంగులేసిన కసరత్తు.

ప్రాస్పెక్టస్‌లో ‘ప్లే వే మెథడ్’ అని ఉంటే ఈ మూడిట్లో ఏదైనా అయి ఉండొచ్చు. అమ్మమ్మ మొదటిదాన్ని ఊహించుకుని కోప్పడుతుంది, బడి రెండోదాన్ని వర్ణించి ఫీజు చెబుతుంది, క్లాసులో చాలాసార్లు మూడోది జరుగుతుంది.

‘ఐదు’ అంటే ఏమిటో నేర్పడం

మూడున్నరేళ్ళ పిల్లాడి ముందు ఐదు చింతగింజలు పెట్టి లెక్కపెట్టమనండి. వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని చక్కగా చెబుతాడు. వెంటనే "మొత్తం ఎన్ని?" అని అడగండి. చాలామంది మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. "నాకు నాలుగు ఇవ్వు" అంటే గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. అంకెల వరస నోటికి వచ్చింది. ఆఖరున పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి ఇంకా తట్టలేదు. ఇది తెలివితక్కువతనం కాదు, దాదాపు పిల్లలందరూ ఎక్కే మెట్టే. మూడున్నర, నాలుగేళ్ళ ప్రాంతంలో కొందరు, ఇంకాస్త ఆలస్యంగా కొందరు ఎక్కుతారు.

ఇప్పుడు ఆ పిల్లాడికి ఇరవై గళ్ళున్న కాగితం ఇచ్చి ప్రతి గడిలో 5 రాయమన్నామనుకోండి. వారానికి 5 గీయడం వస్తుంది. తల్లి ఫొటో తీసి ఊరికి పంపిస్తుంది. ఎంత అన్నది మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అదే వామనగుంటల పీట ముందు కూర్చోబెడితే? రెండు వరసలు, ఏడేసి గుంటలు. కన్నడిగులు దీన్నే అళిగుళి మణె అంటారు, చెన్నైలో పల్లాంగుళి. గుంటకి ఐదేసి గింజలు సర్దడంతోనే పని మొదలవుతుంది. నాలుగున్న గుంటకీ ఐదున్న గుంటకీ తేడా కంటికి కనపడుతుంది. ఆట మొదలయ్యాక ఒక గుంటలో గింజలన్నీ తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. తొందరపడి ఒక గుంటలో రెండు వేస్తే పక్కనున్న అక్క ఊరుకోదు. నాలుగైదు రోజులాడాక, చేతిలో గింజలు ఏ గుంట దగ్గర అయిపోతాయో వేయకముందే చూసుకోవడం మొదలవుతుంది. అది కూడికే, పెన్సిల్ లేని కూడిక. దీనితో పాటు తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడిపోతే పీట తన్నేయకుండా ఉండటం కూడా వస్తాయి. ఈ రెండోది కొందరు పెద్దలకీ రాదు.

అలాగని వామనగుంటలు ఎంత ఆడినా ‘5’ అనే గుర్తు దానంతటదే రాదు. అది మనుషులు పెట్టుకున్న గుర్తు, ఎవరో ఒకరు చూపించాల్సిందే. ఆట పక్షం వాళ్ళు ఒక్కోసారి మరిచిపోయేది ఇదే. ఎంత అన్నది చేతికి తెలిశాక గుర్తు చూపిస్తే అతుక్కోవడం తేలిక.

ఆడియార్ మీదుగా, మదనపల్లె మీదుగా

ఈ ఆలోచన నిన్నగాక మొన్న యాప్ కంపెనీలు కనిపెట్టింది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, చెక్క దిమ్మలు, బంతులు చేతికిచ్చాడు. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. మన దేశంలో గిజుభాయ్ బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిర్ మొదలుపెట్టాడు.

1907లో రోమ్‌లో తొలి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు ఆడియార్‌కి వచ్చింది. దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయింది. ఇవాళ బెంగళూరులో వీధికో మాంటిస్సోరి బోర్డు కనపడుతుంది. దాని అర్థం ‘ఆడించే బడి’ అనుకుంటాం గానీ, ఆవిడ పిల్లలు చేసేదాన్ని ‘ఆట’ అనలేదు, ‘పని’ అంది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం, బొత్తాలు పెట్టుకోవడం, వాడిన వస్తువు మళ్ళీ దాని చోట పెట్టడం, ఇవన్నీ పనులే. రాక్షసులు, రాజకుమారులు వేషాలేసే ఊహల ఆటలకి ఆవిడ పద్ధతిలో పెద్ద చోటు లేదు. కాబట్టి అసలు మాంటిస్సోరి పద్ధతిలో నడిచే బడికి వెళ్ళి "ఇక్కడ ఆటలేవండీ?" అంటే వాళ్ళు నొచ్చుకోవచ్చు.

కర్ణాటకకి వచ్చిన దారి ఇంకొకటుంది. అది మన రాయలసీమ నుంచే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో చుట్టుపక్కల పల్లెల బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. తరగతి మొత్తానికి ఒకే పాఠం కాకుండా, చదువుని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీద పెట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కణ్ణించే ఎక్కుతుంది. కొన్ని కార్డులు ఆటలు, కొన్ని పాటలు, కొన్ని తనంతట తాను చేసుకునేవి. ఇది చూసి వెళ్ళిన టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో మొదలుపెట్టిందే ‘నలి కలి’. అంటే ఆడుతూ నేర్చుకో అని. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ బడుల చిన్న తరగతులన్నిటికీ వెళ్ళింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు మొదలుపెట్టిన కృత్యాధార పద్ధతికీ స్ఫూర్తి రిషి వ్యాలీయే. బెంగళూరులో లక్షలు పోసి ‘ఫారిన్ కరిక్యులం’ వెతుక్కునే తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

పరిశోధనలు తేల్చినవి, తేల్చనివి

2011లో వచ్చిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. గొట్టాలతో చేసిన కొత్త బొమ్మ ఒకటి. లాగితే కీచుమంటుంది, ఇంకోచోట దీపం వెలుగుతుంది, మరోచోట సంగీతం వస్తుంది, లోపల అద్దం కూడా ఉంది. కొందరు పిల్లలకి "ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూడు" అని కీచు శబ్దం ఒక్కటే నేర్పారు. మరికొందరికి ఏమీ నేర్పకుండా ఇచ్చారు. నేర్పించుకున్న పిల్లలు అదే మళ్ళీ మళ్ళీ చేశారు, మిగతా విశేషాలు తక్కువగా కనిపెట్టారు. టీచరు చూపించింది కాబట్టి ఇంతే ఉండుంటుందని అనుకున్నారు. అలా అనుకోవడం తెలివిగల పనే. చిక్కల్లా ఏమిటంటే, నేర్పితే వేగంగా వస్తుంది గానీ వెతకడం తగ్గుతుంది.

2013లో నాలుగు, ఐదేళ్ళ పిల్లలకి త్రిభుజం, దీర్ఘచతురస్రం లాంటి ఆకారాలు మూడు రకాలుగా పరిచయం చేశారు. కొందరు ‘డిటెక్టివ్’లై పెద్దల సాయంతో ఆకారాల రహస్యం కనిపెట్టారు. కొందరికి పెద్దలే కనిపెట్టి చెప్పారు. కొందర్ని ఆ వస్తువులతో ఇష్టమొచ్చినట్టు ఆడుకోనిచ్చారు. సన్నగా, వంకరగా ఉన్న త్రిభుజం చూపించి "ఇది త్రిభుజమేనా?" అన్నప్పుడు మొదటి గుంపు బాగా చెప్పింది. వారం తర్వాత కూడా గుర్తుంది. ఊరికే ఆడుకున్నవాళ్ళు ఈ ఒక్క విషయంలో పెద్దగా నేర్చుకోలేదు. 2022లో 39 అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష కూడా, తొలి లెక్కల్లో, ఆకారాల జ్ఞానంలో నేరుగా చెప్పడం కంటే దారి చూపే ఆట మెరుగని తేల్చింది. అన్ని విషయాల్లోనూ అని మాత్రం అనలేదు.

ఇక రెండో పక్షం. అమెరికాలో 1968లో పేద పిల్లల కోసం మొదలైన ‘ఫాలో త్రూ’ కార్యక్రమంలో రకరకాల బోధన పద్ధతుల్ని పోల్చారు. చదవడం, లెక్కల లాంటి ప్రాథమిక నైపుణ్యాల్లో టీచరు మెట్టుమెట్టుగా నేరుగా చెప్పే పద్ధతే ముందు నిలిచింది. ఆ కొలతల మీద విమర్శలు వచ్చాయి, ఆ పిల్లలు కూడా కాస్త పెద్దవాళ్ళు. అయినా ఇంట్లో పుస్తకం లేని పిల్లకి బళ్ళో ఎవరూ నేరుగా చెప్పకపోతే నష్టమన్న వాదన తీసిపారేయదగ్గది కాదు.

టెన్నెసీ రాష్ట్రంలో ఇంకో వింత జరిగింది. ప్రభుత్వ ప్రీ స్కూల్లో సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువై లాటరీ తీశారు. సీటొచ్చిన పిల్లలు ఆ ఏడాది చివర ముందున్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరో తరగతికి వచ్చేసరికి సీటు రాని పిల్లలకంటే వెనకబడ్డారు. చిన్నప్పుడే కూర్చోబెట్టి రుద్దడం వల్లే ఇలా అయిందని ఆట పక్షం వాళ్ళు అంటారు. కావచ్చు. కానీ ఆ అధ్యయనం కొలిచింది సీటు వచ్చిందా, రాలేదా అన్నదాన్ని. ఆటనీ పాఠాన్నీ పక్కపక్కన పెట్టి కొలవలేదు.

మనకి దగ్గరి సాక్ష్యం కూడా ఉంది. 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్‌లతో పాటు ఇప్పటి తెలంగాణలోనూ పిల్లల వెంట నాలుగో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా నడిచిన పెద్ద అధ్యయనం అది. వయసుకి తగ్గ ఆటలు, కృత్యాలు ఉన్నచోట పిల్లలు బడికి బాగా సిద్ధమయ్యారు. అలాంటి చోట్లే తక్కువ. అంగన్‌వాడీల్లో చాలావాటిలో చదువు పేరిట జరిగేది కొంచెమే, ప్రైవేటు బడుల్లో చాలావి ఒకటో తరగతి పాఠాల్నే కిందికి దించి బట్టీ పట్టిస్తున్నాయి. అంటే మన దగ్గర పోటీ మంచి ఆటకీ మంచి పాఠానికీ మధ్య కాదు.

అక్షరాల దగ్గర లెక్క మారుతుంది

"ఫిన్లాండ్‌లో ఏడేళ్ళదాకా చదవడం నేర్పరట" అన్న మాట ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కసారైనా వస్తుంది. అక్కడ పిల్లలు ఏడేళ్ళు నిండే సంవత్సరంలో బడి మొదలుపెడతారన్నది నిజమే. కానీ ఫిన్నిష్‌లో అక్షరాలు ముప్పై లోపే. రాసినట్టే పలుకుతారు. మనకి అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆపైన వత్తులు. ఒక్క ‘క’కే డజనుకి పైగా రూపాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలకి అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి వరకూ సాగుతూనే ఉందని తేలింది. ఇంత పెద్ద పట్టికని గుర్తుపట్టడానికి ఎవరో చెప్పాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి. ఆట ఒక్కటే చాలదు. అలాగని అది మూడేళ్ళకే మొదలవ్వాలని కూడా దీని అర్థం కాదు. ఎలాగూ ఏళ్ళు పట్టే పనికి ఆర్నెల్ల తొందర ఎందుకని కూడా అడగొచ్చు.

రాయడం ఇంకో చిక్కు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మృదులాస్థి. ఏళ్ళ మీద ఒక్కొక్కటిగా గట్టిపడతాయి, ఆఖరిదానికి తొమ్మిది నుంచి పన్నెండేళ్ళు పడుతుంది. పన్నెండేళ్ళ దాకా పెన్సిల్ ముట్టకూడదని ఎవరూ అనరు గానీ, నాలుగేళ్ళ చేతికి పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ముగ్గు చుక్కలు పెట్టడం రాతకి ముందు మెట్లని టీచర్లు చెప్పేది ఊరికే కాదు. అచ్చంగాయలు ఆడే చేతిని చూస్తే తెలుస్తుంది.

బెంగళూరు పిల్లకి దీనికి తోడు భాషల గొడవ. ఇంట్లో తెలుగు, లిఫ్ట్‌లో హిందీ, కింద కన్నడ, బళ్ళో ఇంగ్లీషు. పాఠం వినేటప్పుడు నోరు మెదపని పిల్లే బొమ్మల దుకాణం ఆటలో "బేడ, బేడ, నాకు రెడ్ కలర్ కావాలి" అంటుంది. బేడ అంటే కన్నడలో వద్దు అని. అక్కడ మాట అవసరం.

ఆరేళ్ళ నిబంధన: కింది మెట్టు మీద పడే బరువు

కర్ణాటక ప్రభుత్వం 2022లో, జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండితేనే ఒకటో తరగతి అంది. అమలు 2025-26కి వాయిదా పడింది. అది వచ్చాక 2025 ఏప్రిల్‌లో ఆ ఒక్క ఏడాదికీ ఐదేళ్ళ ఐదు నెలలకి సడలించి, 2026-27 నుంచి ఆరేళ్ళు ఖాయమని ప్రకటించింది.

లెక్క వేసి చూద్దాం. 2019 అక్టోబరు 20న పుట్టిన పాపకి 2025 జూన్ 1 నాటికి ఐదేళ్ళ ఏడు నెలలు. సడలింపుతో ఒకటో తరగతిలో చేరొచ్చు. 2020 జనవరి 15న పుట్టిన బాబుకి అదే రోజు ఐదేళ్ళ నాలుగు నెలలు. యూకేజీ పూర్తయింది, సీటు మాత్రం రాదు. అతన్ని 2022 జూన్‌లో రెండేళ్ళ నాలుగు నెలలకే నర్సరీలో వేసినందువల్ల వచ్చిన తిప్పలివి. ఆ ఏడాది ఏం చేయాలి? చాలామంది యూకేజీ మళ్ళీ చదివిస్తారు, అంటే అవే వర్క్‌షీట్లు ఇంకోసారి. ఒంగోలులో అదే వయసున్న మేనత్త కొడుకు అప్పటికే ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు వేయించుకుంటుంటాడు. అమ్మమ్మ పోలిక పెట్టేది అతనితోనే.

నిబంధన వెనక తర్కం బాగానే ఉంది: పునాదికి ఇంకాస్త వ్యవధి ఇవ్వడం. కానీ ఆ వ్యవధిలో ఏం జరగాలో చెప్పే బలమైన చట్టం లేదు. విద్యాహక్కు చట్టం ఆరేళ్ళతో మొదలవుతుంది. అంతకు ముందు వయసు గురించి రాజ్యాంగం 45వ అధికరణం ‘ప్రభుత్వం ప్రయత్నించాలి’ అంటుంది, అంతవరకే.

30 బై 40 సైటులో ఆట ఎంత పడుతుంది

పద్ధతుల గురించి ఎంత మాట్లాడినా, ఆఖరికి తేల్చేది చాలాసార్లు గది కొలతే. ఇది బ్రోచర్‌లో ఉండదు. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ముప్పై మంది పిల్లలకి కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట 30 చదరపు మీటర్ల చోటు ఉండాలంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మందికి ఒక పెద్దమనిషి ఉండాలంది.

35 చదరపు మీటర్లంటే సుమారు 375 చదరపు అడుగులు, పిల్లకి పన్నెండున్నర. బెంగళూరులో చాలా ప్లే స్కూళ్ళు 30 బై 40 అడుగుల సైటులో కట్టిన ఇళ్ళల్లోనే నడుస్తాయి. హాలు 15 బై 14 అనుకుంటే 210 చదరపు అడుగులు. ఆ లెక్కన పదహారు, పదిహేడు మందికి సరిపోతుంది. ఇరవై నాలుగు మంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరికి తొమ్మిది చదరపు అడుగులు కూడా రాదు. చెక్క దిమ్మలతో కోట కట్టే పిల్లకి తొమ్మిది అడుగులు చాలవు. కుర్చీలో కూర్చుని వర్క్‌షీట్ రాసే పిల్లకి చాలతాయి. ఇరవై నాలుగు మంది కూర్చుని రాస్తుంటే ఒక టీచరు, ఒక ఆయా చూసుకోగలరు. నాలుగు మూలల్లో నాలుగు ఆటలు నడుస్తుంటే ఎవరి ఆటలోకి చుట్టంలా వెళ్ళి "మూడే కంచాలున్నాయే" అనగలరు? వర్క్‌షీట్ గెలుస్తున్నది బోధన మీద నమ్మకంతో మాత్రమే కాదు, అద్దె లెక్కతో కూడా.

మా వైపు నేను చూసిన ఒక బళ్ళో చన్నపట్న చెక్క బొమ్మలు, రింగులు వరసగా అద్దాల బీరువాలో ఉన్నాయి. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతోనే చేసేవి, లక్క రంగులు మిలమిల్లాడుతూ. తాళం వేసుంది. "తీస్తే పోగొడతారు సార్" అంది టీచరు. ఆవిడని తప్పుపట్టలేం, పోతే జీతంలో కోస్తారేమో. బయటి ఆటస్థలం కారు పార్కింగే. దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు, ఒక జారుడుబల్ల పెట్టారు.

లక్ష కట్టిన ఆ కూతురు కూడా ఒకరోజు సెలవు పెట్టి తన పిల్ల బడి చూసొచ్చింది. సాయంత్రం ఒంగోలుకి ఫోన్ చేసింది. "ఇసక ఉందమ్మా, చూశాను. ఒక టబ్బెడు. ఇరవై నాలుగు మందికి."